పోలండ్‌లో ఎవరు కదిలారు, ఎవరు ఉండిపోయారు: నా థీసిస్ అనుభవం

మొదటిసారి మ్యాపు గీసినప్పుడు బాణాలు నేను అనుకున్న వైపు పోలేదు. అది 2022 నవంబరు. వార్సాలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడే రోజులు. పోలండ్‌లో మొత్తం 380 జిల్లాలు. వాళ్ళ భాషలో జిల్లాను పోవియాత్ అంటారు. ఏ జిల్లా నుంచి ఏ జిల్లాకు ఎంతమంది మారారో చెప్పే పెద్ద పట్టిక మా గైడ్ ఇప్పించారు. ఎక్కువమంది వెళ్ళిన దారికి లావు బాణం, తక్కువమంది వెళ్ళిన దారికి సన్న బాణం వచ్చేలా పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నిరుద్యోగం ఎక్కువున్న ఉత్తరం నుంచి, తూర్పు నుంచి బాణాలన్నీ వార్సా, పోజ్నాన్ మీదికి వచ్చి పడతాయని నా నమ్మకం. తీరా చూస్తే అన్నిటికంటే లావు బాణాలు వార్సాలోంచి బయటికి, పక్కనే ఉన్న పియాసెచ్నో లాంటి చోట్లకు పోతున్నాయి. పోజ్నాన్‌లోనూ అంతే. నగరం వదిలి, శివార్లలో తోట ఉన్న ఇల్లు కొనుక్కున్నవాళ్ళ బాణాలవి. పని దొరకక ఊరు విడిచినవాళ్ళు ఆ మ్యాపులో దాదాపు కనపడనే లేదు.

కోడ్‌లో తప్పు చేశాననుకుని రెండు రోజులు వెతికాను. తప్పేమీ లేదు.

నాది పాలమూరు, నారాయణపేట వైపు ఒక పల్లె. ఎకనామిక్స్‌లో మాస్టర్స్ చేయడానికి 2021 అక్టోబరులో వార్సా వచ్చాను. ఈ విషయమే ఎందుకు తీసుకున్నానో చెప్పాలంటే మా ఇంటి నుంచే మొదలుపెట్టాలి. నా చిన్నప్పుడు మా రోడ్డు మీదుగా బొంబాయి బస్సు పోయేది. మూటలు, గంపలు, వంట సామాను, చంకలో పిల్లలతో జనం ఎక్కేవాళ్ళు. మా తాత, అవ్వ ఏళ్ళ తరబడి అలా పోయొచ్చినవాళ్ళే. కాలువలు తవ్వారు, రోడ్లు వేశారు, బొంబాయిలో బిల్డింగులకు కంకర మోశారు. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా ‘పాలమూరు లేబర్’ అనే మాట వినిపించేది. వర్షం లేదు, పని లేదు, కాబట్టి జనం పోతారు. పుట్టినప్పటి నుంచి చూసిన సూత్రం ఇదే గనుక ప్రపంచమంతా ఇలాగే నడుస్తుందనుకున్నాను.

అందుకే సెమినార్‌లో ఒకరోజు టీచర్ పోలండ్ నిరుద్యోగ మ్యాపు చూపిస్తే అలాగే చూస్తూ ఉండిపోయాను. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే వచ్చేదానికంటే కొంచెం పెద్ద దేశం, జనాభా 4 కోట్లు కూడా లేదు. అప్పటికి పోజ్నాన్ నగరంలో నిరుద్యోగం 1 శాతం దగ్గర ఉంది. షిద్వోవియెత్స్ అనే చిన్న జిల్లాలో 20 శాతం పైన ఉంది. ఆ జిల్లా ఏదో సరిహద్దు అడవుల్లో లేదు. వార్సాకు దక్షిణాన సుమారు 130 కిలోమీటర్ల దూరంలో, క్రాకోవ్ వెళ్ళే పెద్ద రోడ్డు పక్కనే ఉంది. పైగా వార్సా ఏ రాష్ట్రంలో ఉందో అదీ అందులోనే ఉంది. రెండు గంటల దూరంలో పని దొరుకుతుంటే జనం ఎందుకు పోవడం లేదు? నా థీసిస్ ప్రశ్న ఇదే అయింది.

మొదటి రెండు నెలలు చరిత్ర చదవడానికే సరిపోయాయి. సోషలిస్టు కాలంలో నిరుద్యోగం అనే లెక్కే లేదు. అందరికీ ఏదో ఒక ఫ్యాక్టరీలోనో ప్రభుత్వ పొలంలోనో చోటు ఉండేది. 1990 జనవరి 1న ఆర్థిక మంత్రి లెషెక్ బల్త్సెరోవిచ్ సంస్కరణలు ఒక్కసారిగా అమల్లోకి వచ్చాయి. ఆ నెలలో నమోదైన నిరుద్యోగం 0.3 శాతం. 1993 చివరికి అది 16.4 శాతం. తర్వాత కాస్త తగ్గి, మళ్ళీ పెరిగి, 2003 ఫిబ్రవరిలో 20.7 శాతానికి చేరింది. ఈ అంకెలు ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. నన్ను పట్టి ఆపింది మాత్రం దెబ్బ ఎక్కడెక్కడ తగిలిందన్నదే. వూచ్ నగరం బట్టల మిల్లుల మీద బతికింది. సోవియట్ మార్కెట్ పోగానే మిల్లులు కూలాయి, వేలమంది ఆడవాళ్ళకు పని పోయింది. నైరుతిలో వావ్‌బ్జిఖ్ బొగ్గు గనుల ఊరు. 1990లలో గనులన్నీ మూశాక, పని పోయినవాళ్ళు ఊరి చుట్టూ చేతులతో గుంతలు తవ్వి బొగ్గు తీసి అమ్ముకున్నారు. ఆ గుంతలను ‘పేద గనులు’ అనేవారు. మట్టి విరిగిపడి చనిపోయినవాళ్ళూ ఉన్నారు. షిద్వోవియెత్స్ జనం రాదోమ్‌లో బూట్ల ఫ్యాక్టరీకి, స్తారాఖోవిత్సెలో లారీల ఫ్యాక్టరీకి పనికి పోయేవారు. ఆ ఫ్యాక్టరీలు చితికిపోతే వాటితోపాటు పనివాళ్ళను తీసుకెళ్ళే బస్సులూ ఆగాయి.

అన్నిటికంటే తీవ్రమైన దెబ్బ ఉత్తరాన తగిలింది. అక్కడ పెగెయెర్ అనే ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలు ఉండేవి. 1945 దాకా ఆ నేల జర్మనీది. యుద్ధం తర్వాత జర్మన్లను పంపించేశాక ఆ భూమిలో చాలా భాగం ప్రభుత్వం చేతికి వచ్చింది. అందుకే ఉత్తరాన, పడమరన ఈ క్షేత్రాలు ఎక్కువ. దేశం మొత్తం మీద 4 లక్షలకు పైగా జనం వాటిలో పనిచేసేవారు. 1991 అక్టోబరులో వచ్చిన చట్టంతో వాటిని మూసేయడం మొదలైంది. ఫ్యాక్టరీ మూతపడితే పక్క వీధిలో ఇంకేదో ఉండొచ్చు. చుట్టూ పొలాలే ఉన్నచోట ఉన్న ఒక్క యజమానీ పోతే ఇంకేమీ మిగలదు.

ఇక డేటా సంగతి. గూస్ అని పిలిచే వాళ్ళ గణాంక సంస్థ తన వెబ్‌సైట్‌లో జిల్లా లెక్కలు అందరికీ ఉచితంగా పెట్టింది. ఇలాంటి సౌకర్యం మన జిల్లాలకూ ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. కానీ లెక్క దొరకడం వేరు, ఆ లెక్క ఏం చెబుతోందో తెలియడం వేరు. నాకు దొరికిన మొదటి ముడి వావ్‌బ్జిఖ్. ఆ నగరం 2003లో జిల్లా హోదా వదులుకుని చుట్టుపక్కల జిల్లాలో కలిసింది. 2013లో మళ్ళీ విడిపోయింది. పదేళ్ళ వరుసలో ఒక నగరం మాయమై మళ్ళీ కనబడుతుంది. దాన్ని సరిచేయడానికే వారం పట్టింది.

రెండో ముడి ఇంకా లోతైనది. తూర్పున లూబ్లిన్, బియావిస్తోక్ వైపు చిన్న కమతాలు ఎక్కువ. సోషలిస్టు కాలంలో కూడా పోలండ్ రైతులు చాలామంది భూమి తమ చేతుల్లోనే ఉంచుకున్నారు. నేల సారాన్ని బట్టి లెక్కగట్టినప్పుడు 2 హెక్టార్లు దాటిన పొలం ఉన్నవాళ్ళు అప్పటి నిబంధనల ప్రకారం నిరుద్యోగిగా నమోదు కాలేకపోయేవారు. అంటే ఆరెకరాల చెలక మీద నలుగురు అన్నదమ్ములు పడి ఉన్నా కాగితం మీద వాళ్ళంతా రైతులే. ఉత్తరాన పెగెయెర్ కూలికి గజం నేల లేదు కాబట్టి ఆయన నిరుద్యోగి. మ్యాపులో ఉత్తరం ఎర్రగా, తూర్పు కాస్త లేతగా కనపడటానికి ఇదొక కారణం. తూర్పున పేదరికం లేక కాదు. ఇంకోవైపు, లేబర్ ఆఫీసులో పేరు రాయించుకుంటే ప్రభుత్వ ఆరోగ్య బీమా వస్తుంది. అందుకోసమే పేరు రాయించుకుని, బయట దొరికిన పని చేసుకునేవాళ్ళూ ఉన్నారు. 2022 చివర నమోదైన నిరుద్యోగం 5.2 శాతం ఉంటే, ఇంటింటి సర్వేలో అది దాదాపు 3 శాతమే. రెండూ నిజమైన లెక్కలే, రెండూ కొలిచేది వేరు.

మూడో ముడి నా సొంత బతుకులోంచే వచ్చింది. మొదటి ఏడాది హాస్టల్‌లో ఉన్నాను. రెండో ఏడాది బయట గది తీసుకున్నాను. యుక్రెయిన్ యుద్ధం మొదలై లక్షలమంది శరణార్థులు వచ్చిన ఏడాది అది, అద్దెలు ఒక్కసారిగా ఎగిరాయి. దొరికిందే గొప్ప అనుకుని అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాను. అక్కడ ఉంటున్న చిరునామాను మున్సిపల్ ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. దాన్ని మెల్దునెక్ అంటారు. ఓనరును అడిగితే మొహమాటం లేకుండా వద్దన్నారు. అద్దె సంగతి పన్నుల ఆఫీసుకు తెలుస్తుందని కొందరికి భయం, నమోదైన మనిషిని తర్వాత ఖాళీ చేయించలేమని ఇంకొందరికి భయం. నాకు చాలా టెన్షన్ అయింది, నా రెసిడెన్స్ కార్డు దరఖాస్తు అప్పటికి పెండింగులో ఉంది. క్లాసులో నా బాధ చెబితే పక్కన కూర్చున్న పోలిష్ అమ్మాయి, “నాకూ వార్సాలో మెల్దునెక్ లేదు. ఆరేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నా. కాగితాల్లో నేనింకా మా ఊళ్ళోనే ఉన్నాను” అంది.

నా పట్టికలో ‘వలస’ అని ఉన్నది ఏమిటో అప్పుడు వెలిగింది. పర్మనెంటు మెల్దునెక్ ఒకచోట తీసేయించుకుని ఇంకోచోట రాయించుకుంటేనే అది వలసగా లెక్కకొస్తుంది. సొంత ఇల్లు కొనుక్కున్నవాళ్ళు ఆ పని చేస్తారు. అద్దె గదుల్లో ఉంటూ పనిచేసుకునే కుర్రాళ్ళలో చాలామంది చేయరు. పియాసెచ్నో బాణం అంత లావుగా ఎందుకుందో, ఉత్తరం నుంచి వచ్చే బాణం ఎందుకు కనపడలేదో దీంతో సగం అర్థమైంది. ఆ రాత్రి గైడ్‌కు మెయిల్ పెట్టాను. ఆయన జవాబు రెండే వాక్యాలు. మొదటిది, సంతోషం అని. రెండోది, ఇప్పుడు మిగతా సగం వెతకమని.

మిగతా సగం కోసమే ఆ అమ్మాయితో వాళ్ళ అమ్మమ్మ ఊరికి వెళ్ళాను. 2023 మార్చి. వార్సా నుంచి ఓల్ష్టిన్ దాకా రైల్లో హాయిగా పోయాం. అక్కడి నుంచి రష్యా వారి కలినిన్‌గ్రాద్ సరిహద్దు దగ్గరి బార్తోషిత్సె దాకా బస్సు. ఆ తర్వాత శనివారం బస్సే లేదు. సోషలిస్టు కాలం పోయాక ఈ దేశంలో చాలా చిన్న రైలు మార్గాల్లో ప్యాసింజర్ బళ్ళు ఆపేశారు, ప్రభుత్వ బస్సు డిపోలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాళ్ళ మామయ్య కారు తెచ్చి తీసుకెళ్ళారు. ఎవరు ఎక్కడికి ఎందుకు మారతారో లెక్కగట్టడానికి థీసిస్ కోసం కట్టిన నా మోడల్‌లో, ఆ చివరి కొన్ని కిలోమీటర్లు ‘దూరం’ అనే గడిలో పడవు. మ్యాపు మీద చూస్తే దగ్గరే. కారు లేని మనిషి పొద్దున ఆరింటి షిఫ్టుకు మాత్రం చేరలేడు.

ఊరు అంటే మన ఊరిలా ఉంటుందనుకున్నాను. ఖాళీ పొలాల మధ్య మూడంతస్తుల బిల్డింగులు మూడు, అంతే. నగరంలోంచి ఎవరో పెకిలించి తెచ్చి దున్నిన చేల మధ్య నిలబెట్టినట్టున్నాయి. వెనకాల బంగాళదుంపల మడులు, కోళ్ళ గూళ్ళు, కట్టెల కొట్లు. కొంచెం అవతల కప్పు కూలిన పెద్ద పశువుల కొట్టం. అమ్మమ్మను వాళ్ళ భాషలో బాప్చా అంటారు. ఆవిడ ఆ కొట్టంలోనే దూడలను చూసుకునే పని చేసేవారట. మా కోసం బీట్‌రూట్ సూపు, బంగాళదుంప పాన్‌కేకులు చేసి పెట్టారు. నేను మాంసం తింటానో తిననో అని రెండు రకాలుగా వండారు.

బాప్చా చెప్పింది నా స్నేహితురాలు ఇంగ్లిష్‌లో చెబుతుంటే రాసుకున్నాను. ఆవిడ అమ్మానాన్నలు యుక్రెయినియన్లు. 1947లో ఆగ్నేయ పోలండ్‌లోని వాళ్ళ ఊరిని సైన్యం ఖాళీ చేయించి, గూడ్సు బండి ఎక్కించి ఇక్కడ దింపింది. విస్తులా ఆపరేషన్ పేరుతో ఆ ఏడాది దాదాపు 1,40,000 మందిని అలా తరలించారు. దింపిన చోట జర్మన్లు వదిలేసిన ఇళ్ళున్నాయి. తర్వాత పెగెయెర్ వచ్చింది, ఫ్లాటు వచ్చింది, పిల్లలకు కిండర్‌గార్టెన్ వచ్చింది, వేసవిలో సముద్రానికి టూరు వచ్చింది. 1990ల మొదట్లో ఒకరోజు డైరెక్టర్ అందరినీ పిలిచి ఇక జీతాలు లేవన్నాడు. పశువులను లారీల్లో తీసుకెళ్ళారు. ఫ్లాటు మాత్రం చాలా తక్కువ ధరకు వాళ్ళకే అమ్మారు.

“అప్పుడే ఎక్కడికైనా వెళ్ళిపోదామని అనిపించలేదా?” అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “ఎక్కడికి?” అన్నారు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నకు లెక్క ఏమిటో మామయ్య కాగితం మీద వేసి చూపించారు. ఈ ఫ్లాటు ఇప్పుడు అమ్మితే వాళ్ళ డబ్బులో 70 వేల జ్లోటీలు వస్తే గొప్ప. వార్సాలో చదరపు మీటరు 12 వేలు దాటింది. అంటే ముగ్గురి కుటుంబం ఉంటున్న ఇల్లు మొత్తం అమ్మితే అక్కడ ఆరు చదరపు మీటర్లు కూడా రాదు. అద్దెకు పోదామంటే ఫ్యాక్టరీ జీతంలో సగం అద్దెకే. ఇక్కడ అద్దె లేదు, దుంపలు పెరట్లో ఉన్నాయి, కోడిగుడ్లు ఉన్నాయి, అమ్మ ఉంది. పోలండ్‌లో 80 శాతానికి పైగా జనం సొంత ఇళ్ళలోనే ఉంటారని నేను థీసిస్ మొదటి చాప్టర్‌లో ఒక మంచి సంగతిగా రాసుకున్నాను. ఆ సొంత ఇల్లే కాళ్ళకు కట్టిన రాయి కూడా అవుతుందని ఆ వంటగదిలోనే తెలిసింది. 

అయితే కథ అక్కడితో ఆగలేదు. బాప్చా పెద్ద కొడుకు 2005లో ఇంగ్లండ్ వెళ్ళాడు. 2004 మే 1న పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ వెంటనే తలుపులు తెరిచాయి. వార్సాకు పోని మనిషి ఇంగ్లండ్‌కు ఎలా పోయాడు? మామయ్య చెప్పింది సూటిగా ఉంది. అక్కడ పది మంది కలిసి ఒక ఇంట్లో ఉన్నా పరవాలేదు, ఎందుకంటే అది కొన్నాళ్ళ ముచ్చటే. పౌండ్లు మిగిల్చి ఇక్కడికి పంపితే ఇక్కడి ధరల్లో ఖర్చవుతాయి. వార్సాలో సంపాదిస్తే వార్సా ధరల్లోనే కరిగిపోతుంది. అందుకే వందల కిలోమీటర్ల దూరం కంటే సముద్రం దాటడమే లాభమైంది. పైగా ముందే వెళ్ళిన ఊరివాడు ఒకడు అక్కడ ఉన్నాడు. తూర్పున షెమియాతిచె అనే చిన్న పట్టణం వాళ్ళంతా బ్రస్సెల్స్‌కే పోతారని, మోన్కి వాళ్ళు అమెరికాకే పోతారని, ఒపోలె వైపు వాళ్ళు జర్మనీకే పోతారని పోలండ్‌లో ఎవరినడిగినా చెబుతారు. జీతం ఎక్కడ ఎక్కువో చూసి కాదు, మనవాడు ఎక్కడున్నాడో చూసి దారి పడుతుంది.

ఇది విన్న రాత్రి మా అవ్వకు ఫోన్ చేశాను. దగ్గర్లోనే హైదరాబాద్ ఉండగా బొంబాయికి ఎందుకు పోయేవాళ్ళు అవ్వా అని అడిగాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

“మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చిండు బిడ్డా. ఆయన యాడికి తీస్కపోతే ఆడికే. అడ్వాన్సు తీరేదాక మనకేం తెలుస్తది యాడికి పోతున్నమో.”

చాలాసేపు నిద్ర పట్టలేదు. మా వాళ్ళు కదిలారు, వీళ్ళు కదల్లేదు అని నేను పెట్టుకున్న పోలిక తల కిందులైంది. నా పాఠ్యపుస్తకాల్లో కదలడం ఆరోగ్యానికి గుర్తు, కదలకపోవడం జబ్బు. పని లేని చోటి నుంచి పని ఉన్న చోటికి జనం పోతే లేబర్ మార్కెట్ దానంతట అది సర్దుకుంటుందట. ఆ లెక్కన పాలమూరు అందరికంటే ఆరోగ్యంగా ఉండాలి. కానీ మా అవ్వ కదిలింది చేతిలో ఏమీ లేక, పైగా అప్పు ఉండి. బాప్చా కదలకపోవడానికి ఆవిడ చేతిలో కొంచెమే అయినా ఏదో మిగిలింది, ఒక ఫ్లాటు, ఒక మడి, డాక్టరుకు చూపించుకునే హక్కు. ఆ కొంచెం వదులుకుని పోతే తిరిగి రావడానికి చోటుండదు. థీసిస్‌లో నేను ముప్పై చోట్ల ‘కదలని జనం’ అని రాశాను. వార్సా తిరిగొచ్చాక వాటన్నిటినీ తీసేశాను.

తర్వాతి రెండు నెలల పని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. జిల్లాల మధ్య ఇళ్ళ ధరల తేడా, రైలు బస్సుల సౌకర్యం, అంతకుముందే ఆ దారిన వెళ్ళినవాళ్ళ సంఖ్య మోడల్‌లో చేర్చాను. నగరం నుంచి సొంత శివార్లకు పోయే బాణాలను విడిగా తీసి పక్కన పెట్టాను. అప్పుడు మిగిలిన లెక్కలో నిరుద్యోగపు తేడా ఒక్కటే జనాన్ని కదిలించే శక్తి చాలా చిన్నదని తేలింది. దూరం, ఇంటి ధర, ముందు పోయినవాళ్ళు, ఈ మూడూ దానికంటే బలంగా నిలబడ్డాయి. మెల్దునెక్ లెక్కల్లో పడనివాళ్ళ గురించి ఒక పూర్తి చాప్టర్ రాశాను. నా గది సంగతి అందులో పెట్టలేదు, పెట్టాల్సిందని ఇప్పుడనిపిస్తోంది.

మన తెలుగు పిల్లలు ఇక్కడికి వచ్చే దారి కూడా ఈ కథలోనే ఉందని రాస్తూ ఉండగా గమనించాను. వరంగల్ నుంచి వచ్చిన ఒక తమ్ముడు అప్పట్లో గిడ్డంగిలో పనిచేసేవాడు. అతని వర్క్ పర్మిట్ కోసం యజమాని ముందుగా లేబర్ ఆఫీసు నుంచి ఒక కాగితం తెచ్చుకోవాల్సి వచ్చింది, ఆ పనికి స్థానిక నిరుద్యోగి ఎవరూ దొరకలేదని. అప్పటి నిబంధన అది. ఒకవైపు 20 శాతం నిరుద్యోగం ఉన్న జిల్లా, ఇంకోవైపు మనిషి దొరక్క వరంగల్ దాకా వెతికే గిడ్డంగి, రెండూ ఒకే దేశంలో ఉన్నాయి. బాప్చా ఊళ్ళోని నిరుద్యోగికి ఆ గిడ్డంగి దగ్గర పడక దొరకదు. ఆ వరంగల్ తమ్ముడు ఒక గదిలో నలుగురితో పడుకోవడానికి ఒప్పుకున్నాడు. నాకు ఆ సంగతి రాయడం కష్టంగానే అనిపించింది.

థీసిస్ డిఫెన్స్ 2023 జులైలో. కాపీ ఉందేమో చూసే సాఫ్ట్‌వేర్ నుంచి రిపోర్టు వచ్చాక తేదీ ఇచ్చారు. గదిలో గైడ్, రివ్యూయర్, చైర్‌పర్సన్. మొదటి రెండు ప్రశ్నలు మోడల్ మీద, బాగానే చెప్పాను. మూడోది రివ్యూయర్ అడిగారు. “అయితే ప్రభుత్వం వాళ్ళను కదలడానికి డబ్బిచ్చి ప్రోత్సహించాలంటారా, లేక ఉన్నచోటికే పని తేవాలంటారా?” నేను వావ్‌బ్జిఖ్ సంగతి చెప్పాను. 1997లో అక్కడ స్పెషల్ ఎకనామిక్ జోన్ పెట్టారు, 2002లో టయోటా ఉత్పత్తి మొదలైంది, గనుల ఊరు మళ్ళీ నిలబడటం మొదలైంది. అదే మందు బార్తోషిత్సెకు పనిచేస్తుందని నేను చెప్పలేను, అక్కడ పక్కన పెద్ద నగరం గానీ హైవే గానీ లేదు. కానీ పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు వేస్తే ఓల్ష్టిన్‌లో టైర్ల ఫ్యాక్టరీ ఉంది, ఆస్పత్రులున్నాయి, షాపులున్నాయి, ఇల్లు అమ్ముకోకుండానే పనికి పోయి రావచ్చు అన్నాను. ఆయన ఏదో రాసుకున్నారు. బయట పావుగంట నిలబెట్టి, లోపలికి పిలిచి మార్కులు చదివారు.

పోలండ్‌లో చదివిన డిగ్రీ ఉంది కాబట్టి నాకు వర్క్ పర్మిట్ అక్కర్లేకపోయింది. సెప్టెంబరులో నైరుతిన ఉన్న వ్రోత్స్వావ్ నగరంలో ఉద్యోగం దొరికి అక్కడికి మారాను. నా స్నేహితురాలు కూడా నెల ముందే అక్కడికి వచ్చింది, నగరం దక్షిణ అంచున యాగోద్నో అనే కొత్త కాలనీలో అద్దెకు దిగింది. ఇద్దరి ఓనర్లూ మెల్దునెక్ వద్దన్నారు.

అక్టోబరు 15న పార్లమెంటు ఎన్నికలు. మెల్దునెక్ లేకపోయినా ఉంటున్న చోట ఓటు రాయించుకోవచ్చు. యాగోద్నోలో అలా రాయించుకున్నవాళ్ళు, కొత్తగా వచ్చి చేరినవాళ్ళు ఎంతమందంటే, పోలింగ్ రాత్రి తొమ్మిదింటికి ముగియాల్సింది, క్యూ మాత్రం తెల్లవారుజామున దాదాపు మూడింటి దాకా నడిచింది. దేశమంతా టీవీలో ఆ క్యూనే చూసింది. పదకొండింటికి ఆమె మెసేజ్ పెట్టింది, ఇంకా చాలామంది ముందున్నారని. ఫ్లాస్కులో అల్లం టీ పోసుకుని వెళ్ళాను. చలి బాగా ఉంది. ఎవరో అందరికీ పిజ్జాలు తెప్పించి పంచుతున్నారు, పిల్లల బళ్ళతో వచ్చినవాళ్ళను ముందుకు పంపుతున్నారు. టీ పోస్తూ నాకొచ్చిన నాలుగు పోలిష్ ముక్కలతో క్యూలో ఉన్నవాళ్ళను ఏ ఊరని అడిగాను. ఒకతను వావ్‌బ్జిఖ్ అన్నాడు. ఒకావిడ ఒపోలె దగ్గర పల్లె అంది. ఆమె వెనక ఉన్న జంటలో అబ్బాయిది కెంత్షిన్, బాప్చా ఊరికి దగ్గరి పట్టణం. వాళ్ళెవరూ నా పట్టికలో లేరు.

రెండు దాటాక నా స్నేహితురాలు ఓటు వేసి బయటికి వచ్చింది. మెట్ల మీదే ఆగి బాప్చాకు ఫోన్ చేసింది. ఆవిడ నిద్రపోలేదట, టీవీ ముందే కూర్చుని ఆ క్యూలో మనవరాలు కనపడుతుందేమోనని చూస్తున్నారట.